ఓడ దిగిన కులం, విమానమెక్కుతున్న కులం

కులం గురించి మన నగరంలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. కులగణన ప్రస్తావన వచ్చినప్పుడల్లా సోమాజిగూడ సమావేశ మందిరాల్లో వినపడేది మొదటిది: ‘కులాన్ని బ్రిటిషువాడు సృష్టించాడు, లెక్కలు తీసి మనల్ని విడదీశాడు’. దానికి కూతవేటు దూరంలో, అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లలోనూ, పంజగుట్ట విదేశీ విద్యా కన్సల్టెన్సీల మెట్లమీదా యువత నమ్మే మాట రెండోది: ‘ఒక్కసారి దేశం దాటితే కులం వెనకే ఉండిపోతుంది’. పైకి ఈ రెంటికీ సంబంధం లేనట్లు కనబడుతుంది. నిజానికి రెండింటి పునాదీ ఒకటే. వలస వచ్చినవాడు కులాన్ని తెచ్చాడని ఒకటి అంటుంది, వలస వెళ్లినవాడు కులాన్ని వదిలించుకుంటాడని మరొకటి అంటుంది. రెండింటిలోనూ మన బాధ్యత మాయమవుతుంది.

తెలుగు నేలకు ఐరోపావాసులు వలస వచ్చిన తొలి రెండు శతాబ్దాల చరిత్ర ఈ రెండు మాటలనూ కాదంటుంది.

పదం దగ్గరే మొదలుపెడదాం. ఇంగ్లీషులో మనం వాడే ‘కాస్ట్’ సంస్కృతం నుంచి వచ్చినది కాదు, తెలుగు నుంచి వచ్చినదీ కాదు. అది పోర్చుగీసుల ‘కాస్టా’. వంశం, జాతి, సంతతి అని దాని అర్థం. పదహారో శతాబ్దంలో ఓడల మీద మన తీరాలకు వచ్చినవారు తమ దేశంలో అప్పటికే రక్తశుద్ధి నియమాలు పాటిస్తున్నారు. యూదుల నుంచి, ముస్లింల నుంచి క్రైస్తవంలోకి మారినవారి సంతానాన్ని పదవులకు, మఠాలకు దూరంగా ఉంచే నియమాలవి. అలాంటి కళ్లతో మన సమాజాన్ని చూసినప్పుడు వారికి అది పూర్తిగా కొత్తగా తోచలేదు. తమ దగ్గరున్న మాటనే తగిలించారు. అయితే పేరు పెట్టినవాడు పుట్టించినవాడు కాడు. ‘కాస్టా’ అన్న మాట రేవులో దిగేనాటికే ‘కులం’, ‘జాతి’ అన్న మాటలు ఊళ్లలో ఇళ్ల వరుసలను నిర్ణయిస్తున్నాయి.

దీనికి సాక్ష్యం ఆ వలసవచ్చినవారి నుంచే దొరుకుతుంది. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అడుగుపెట్టారు. అది గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. అక్కడ ఇంగ్లీషువాడు పాలకుడు కాదు, సుల్తాను అధికారుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ బేరగాడు. 1618 నుంచి 1622 వరకు అక్కడ కంపెనీ వ్యాపారిగా ఉన్న విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతం 1626లో లండన్‌లో అచ్చయింది. అందులో బ్రాహ్మణులు, కోమట్లు, వ్యవసాయదారులు, కంసాలులు వరుసగా కనబడతారు. అందరికీ చివర, అందరికీ వెలుపల, చచ్చిన పశువుల తోళ్లు ఒలిచి చెప్పులు చేసేవారు కనబడతారు. ఒక్క జనగణన జరగకముందు, ఒక్క తెల్ల కలెక్టరు రాకముందు, ఒక్క ఎకరం మీద కూడా కంపెనీకి హక్కు లేని రోజుల్లో రాసిన మాటలివి. వెలివాడ అప్పటికే ఉంది. దాన్ని మెథ్‌వోల్డ్ కట్టలేదు, చూశాడంతే.

మరి ఐరోపా వలస ఏమీ చేయలేదా? చేసింది. పుట్టించలేదు గాని కులానికి కొత్త ఇళ్లు కట్టిపెట్టింది. అసలు చర్చ జరగవలసింది ఇక్కడ.

వచ్చినవారు కొద్దిమంది. చాలామంది ఒంటరి మగవారు. భాష రాదు, దారి తెలియదు, పత్తి ఎక్కడ వడుకుతారో, మగ్గం ఎవరి ఇంట ఆడుతుందో తెలియదు. మధ్యవర్తి లేకుండా ఒక్క తాను బట్ట కూడా కొనలేరు. ఆ మధ్యవర్తి దుబాసీ. రెండు భాషలు తెలిసినవాడని ఆ మాటకు అర్థం. దుబాసీ కావడానికి చదువు, పెట్టుబడి, సుల్తాను కొలువులోనో నాయకుల కొలువులోనో పరపతి ఉండాలి. అవి ఏ కులాలకు ఉన్నాయో వేరే చెప్పనక్కరలేదు. దామెర్ల నాయకుల అనుమతితో 1639లో మద్రాసు వెలిసినప్పుడు కంపెనీ తొలి వ్యాపార మధ్యవర్తుల్లో బేరి తిమ్మన్న వంటి తెలుగు వర్తకులున్నారు. నేతగాడికి బయానా ఇచ్చేది కంపెనీ, చేతిలో పెట్టేది మధ్యవర్తి, అప్పులో మిగిలేది నేతగాడు. పాత అంతస్తుకు కొత్త సొమ్ము తోడయింది.

పట్టణ నిర్మాణం కూడా ఇదే దారిలో నడిచింది. మద్రాసు కోటలో తెల్లవారి పట్టణం, కోట బయట నల్లవారి పట్టణం. ఆ నల్లవారి పట్టణంలో కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాల మధ్య వీధుల కోసం, ఊరేగింపుల కోసం, పెళ్లి పందిళ్ల కోసం ఘర్షణలు. 1707-08లో ఆ తగాదా ముదిరినప్పుడు గవర్నరు థామస్ పిట్ చూపిన పరిష్కారం ఏమిటి? పెద్దనాయకన్‌పేటను ఒక పక్షానికి, ముత్యాలపేటను మరో పక్షానికి కేటాయించడం. ఎవరు ఏ వీధిలో నడవాలన్న తగువును కంపెనీ రద్దు చేయలేదు, హద్దురాళ్లు పాతి స్థిరపరిచింది. వ్యాపారం ఆగకూడదు, అంతే దాని ధ్యేయం. ఆ హద్దుల లోపల చోటు దొరకని వారి సంగతి ఏ పక్షమూ అడగలేదు.

ఇదే కాలంలో మరో వలస కూడా సాగింది. దాన్ని వలస అనడం కూడా అన్యాయమే. పులికాట్‌లోని డచ్చివారు కరువుల్లో అమ్ముడుపోయిన కోరమాండల్ తీర ప్రజలను బానిసలుగా ఓడలకెక్కించి బటావియాకు పంపారు. ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ డచ్చి వలసకూ ఈ తీరం నుంచి బానిసలు చేరారు. అక్కడి పత్రాల్లో వారి ఇంటిపేరు స్థానంలో మిగిలింది తీరం పేరు మాత్రమే. కరువులో మొదట అమ్ముడుపోయేది భూమి లేనివాడు. భూమి ఎవరికి లేదో కులం ముందే నిర్ణయించి ఉంచింది. దుబాసీ మేడకూ బానిస ఓడకూ మధ్య దూరం అంతే.

కంపెనీ పాలకుడయ్యాక కులానికి రెండు కొత్త ఆయుధాలు దొరికాయి: కాగితం, కోర్టు. 1772లో వారన్ హేస్టింగ్స్ ప్రణాళిక హిందువుల వారసత్వం, వివాహం, కులం వంటి విషయాలలో శాస్త్రాలను అనుసరించాలని నిర్దేశించింది. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అదే తరహా న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. శాస్త్రం చెప్పేది పండితుడు. అంతకుముందు ఊరికో తీరుగా, కులానికో పద్ధతిగా ఉన్న ఆచారాలు చాలావరకు ధర్మశాస్త్రం నీడలోకి వచ్చాయి. సర్కారు జిల్లాల్లో 1802 నుంచి శాశ్వత పైసలా అమలై, జమీందారు చేతికి సనదు వచ్చింది. గ్రామ లెక్కలు కరణం కలంలోనే ఉండిపోయాయి. కాలిన్ మెకంజీ సేకరణలకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు చేసిన సేవ అమూల్యమైనదే. ఆ కైఫియతులు లేకుంటే ఎన్నో ఊళ్ల చరిత్ర మనకు దక్కేది కాదు. కాని ఊరి కథ చెప్పింది ఎవరు? రాసుకున్నది ఎవరు? మాలపల్లెకు వెళ్లి మీ కథ ఏమిటని అడిగినవారు బహు అరుదు. తెల్లవాడి జ్ఞానం అనుకున్నదానిలో చాలా భాగం పై కులాల జ్ఞానమే. ఇంగ్లీషులోకి మారి, అచ్చులోకి ఎక్కి, ప్రభుత్వ ముద్ర వేసుకుని మళ్లీ మన ముందుకు వచ్చింది.

చర్చి కూడా దీనికి అతీతంగా నిలవలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్‌ల కర్ణాటక మిషన్ ద్వారా క్రైస్తవంలోకి వచ్చిన రెడ్డి కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు ప్రాంతానికి చేరాయి. మతం మారినా పెళ్లి సంబంధాలు మారలేదు. తరంగంబాడి లూథరన్ చర్చిలో కులాలవారీగా వేర్వేరు కూర్చునే చోట్లు ఉండేవి. చర్చిలో కులభేదాలు పనికిరావని బిషప్ డేనియల్ విల్సన్ 1833లో ఆదేశించవలసి వచ్చిందంటే, అప్పటికి శతాబ్దానికి పైగా అవి చర్చి కప్పు కింద నిక్షేపంగా ఉన్నాయన్నమాట. ఒక్క దేవుడి ముందు మోకరిల్లినా, మోకరిల్లే చోటు వేరు.

ఇంతవరకు చెప్పినది ఐరోపావారు మన కులంతో ఎలా సర్దుకుపోయారన్నది. వారే ఒక కులంగా ఎలా మారారన్నది ఇంకా ముఖ్యమైన విషయం.

1687లో కంపెనీ డైరెక్టర్లు లండన్ నుంచి మద్రాసుకు ఒక ఉత్తరం రాశారు. తమ సైనికులు స్థానిక స్త్రీలను పెళ్లాడటాన్ని ప్రోత్సహించమన్నారు. అలా పుట్టి బాప్తిస్మం పొందిన ప్రతి బిడ్డకూ తల్లికి ఒక పగోడా బహుమానం ఇవ్వవచ్చునన్నారు. అప్పుడు కోటకు జనం కావాలి, సిపాయిలు కావాలి, పోర్చుగీసు కాథలిక్కుల పోటీని తట్టుకోవాలి. దాదాపు వందేళ్లు గడిచాయి. రాజ్యం చేతికొచ్చింది, ఉద్యోగాలకు విలువ పెరిగింది. ఇంగ్లండు నుంచి కుర్రవాళ్లు ఆ ఉద్యోగాల కోసం బారులు తీరారు. 1786లో మిశ్రమ సంతతి అనాథ పిల్లలు చదువుకు ఇంగ్లండు వెళ్లడాన్ని అడ్డుకున్నారు. 1791లో భారతీయురాలైన తల్లికి పుట్టినవారిని కంపెనీ పౌర, సైనిక, నౌకా సేవల నుంచి తప్పించారు. 1795లో సైన్యంలో వారికి మిగిలినవి పిల్లనగ్రోవి, డప్పు, బ్యాండు వాయించే పనులు, గుర్రాలకు నాడాలు కొట్టే పని. పగోడా బహుమానం పొందిన తల్లుల మనుమలకు మిగిలింది డప్పు. వారికి పెట్టిన పేరు ‘హాఫ్-కాస్ట్’. మన మీద వేసిన మాటనే తమ బిడ్డల మీదా వేశారు.

ఈ నూరేళ్లలో రక్తం మారలేదు, ఆస్తి మారింది. పంచుకోవడానికి ఏమీ లేనప్పుడు కలుపుకున్నారు, పంచుకోవలసినది పెరిగినప్పుడు తలుపు వేశారు. 1916 మేలో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేడ్కర్ కులానికి ప్రాణం అంతర్వివాహమేనని, తలుపులు మూసుకున్న వర్గమే కులమని వివరించారు. ఐరోపావారు భారతదేశంలో ఆ తలుపు మూసిన తీరు ఆయన సూత్రానికి చక్కని ఉదాహరణ. తేడా ఒక్కటే. వారి తలుపుకు శాస్త్రప్రమాణం లేదు, కావలసినప్పుడు ఓడెక్కి వెళ్లిపోయే దారి వారికి ఉంది. మన తలుపు వెనుక దేవుణ్ని నిలబెట్టాం, బయట ఉన్నవాడికి వెళ్లిపోయే దారి కూడా లేకుండా చేశాం.

హైదరాబాదులో ఈ కథకు రాతి రూపం ఉంది. 1798లో రెసిడెంటుగా వచ్చిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, కులీన సయ్యద్ కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆ పెళ్లి మీద వెల్లస్లీ ప్రభుత్వం విచారణ జరిపించింది. అటు వధువు బంధువుల్లోనూ వంశగౌరవం పేరిట అభ్యంతరాలు తక్కువేమీ కాదు. రెండు వైపులా కాపలా కాసింది రక్తాన్నే. వారి ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండు పంపారు. అక్కడ వారు విలియం, కేథరిన్ అయ్యారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో మరణించాడు. తల్లి 1813లో కన్నుమూసేవరకు పిల్లలను మళ్లీ చూడలేదు. నిజాం సొమ్ముతో కట్టిన కోఠీ రెసిడెన్సీ భవనం మాత్రం మిగిలింది.

అదే నగరంలో విలియం పామర్ మరో ఉదాహరణ. తండ్రి కంపెనీ జనరల్, తల్లి ఫైజ్ బక్ష్. మిశ్రమ సంతతి కనుక కంపెనీ కొలువు తలుపు మూసుకుంది. నిజాం కొలువులో పనిచేసి, తర్వాత పామర్ అండ్ కంపెనీ పేరిట వడ్డీ వ్యాపార సంస్థ పెట్టాడు. నిజాం ప్రభుత్వానికే భారీ వడ్డీకి అప్పులిచ్చాడు. ఆ వడ్డీ చివరకు తెలంగాణ, మరాఠ్వాడా రైతు శిస్తులోంచి వచ్చినదే. రెసిడెంటు మెట్‌కాఫ్ వ్యతిరేకించడంతో 1824 నాటికి సంస్థ కూలిపోయింది. పామర్ మీద జాలిపడటం సులభం. కాని వెలికి గురైనవాడు తన కిందివాడి పక్షాన నిలబడలేదని కూడా గుర్తించాలి. అంబేడ్కర్ చెప్పిన మెట్ల అసమానత పనిచేసేది ఇలాగే. మెట్టు మీద నిలబడ్డ ప్రతివాడూ పైవాడి మీద ఫిర్యాదు చేస్తాడు, కిందివాడి మీద కాలు పెడతాడు.

ఖైరున్నీసా ప్రేమకథ ఇవాళ పుస్తకాల్లో ఉంది, పర్యాటకులకు చెప్పే కథల్లో ఉంది. 1806లో వెలసిన సికింద్రాబాద్ దండు చుట్టూ బతికిన స్త్రీల కథ ఎక్కడుంది? తెల్ల సిపాయిలతో కాపురం చేసిన పేద స్త్రీలు ఆ కాలపు వీలునామాల్లో తరచు పేరైనా లేకుండా కనబడతారు. పందొమ్మిదో శతాబ్దం ఆరంభం నుంచే మద్రాసు సైన్యపు కంటోన్మెంట్లలో లాక్ ఆసుపత్రులు తెరిచి స్త్రీలను బలవంతంగా పరీక్షించారు. 1864 కంటోన్మెంటు చట్టం ఆ పద్ధతికి చట్టబద్ధత కల్పించింది. రోగం సిపాయిది, శిక్ష ఆమెది. కులీన స్త్రీ దుఃఖం చరిత్ర అయింది, కులంలేని స్త్రీ దుఃఖం ఆసుపత్రి రిజిస్టరు అయింది.

ఇవన్నీ చెప్పి, ఐరోపా వలస వల్ల అణగారినవారికి ఏ సందూ దొరకలేదంటే అది కూడా అబద్ధమే అవుతుంది. కంపెనీ మద్రాసు సైన్యంలో అంటరాని కులాల సిపాయిలున్నారు. కంటోన్మెంటు కూలి ఊరి వెట్టిలాంటిది కాదు, నెల తిరిగితే చేతికి రూకలు వచ్చేవి. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలైలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. దాని వెనుక మిషనరీ క్లౌ ఎంత ఉన్నాడో, అతనికన్నా ముందే ఊరూరా తిరిగిన యర్రగుంట్ల పేరయ్య అంత ఉన్నాడు. ఆ సందులు ఎవరో దయతో తెరిచినవి కావు. సామ్రాజ్యానికి సిపాయి, కూలి, శిష్యుడు కావలసి వచ్చి ఏర్పడిన పగుళ్లవి. అక్షరాన్ని, కూలి డబ్బును పట్టుకుని ఆ పగుళ్లను ద్వారాలుగా మలచుకున్నది దళితులే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి ‘పంచమ’ అన్న పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ అన్న పేరును నిలబెట్టారు. ఓడ మీద వచ్చిన ‘కాస్టా’కూ, శాస్త్రం ఇచ్చిన ‘పంచమ’కూ ఆయన ఇచ్చిన జవాబు అది. మాకు పేరు మేమే పెట్టుకుంటాం.

ఆ తొలి వలస కాలపు నీడ నేటి చట్టంలోనూ ఉంది. రాజ్యాంగం 366(2) అధికరణ ఆంగ్లో ఇండియన్‌ను తండ్రి వైపు వంశక్రమంలో ఐరోపా సంతతిని బట్టి నిర్వచిస్తుంది. తల్లి లెక్కలోకి రాదు. చట్టసభల్లో వారి నామినేటెడ్ స్థానాలు 104వ సవరణతో 2020 జనవరిలో ముగిశాయి. మరోవైపు 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితమై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు ఇంకా బయటే ఉన్నారు. మతం మారితే కులం పోతుందన్నది ఆ ఉత్తర్వు వెనుక ఉన్న భావన. తరంగంబాడి చర్చి బల్లలు, విల్సన్ ఆదేశం, నేటికీ మన పల్లెల్లో వేర్వేరుగా ఉన్న చర్చిలు, శ్మశానాలు ఆ భావన తప్పని మూడు వందల ఏళ్లుగా చెబుతున్నాయి. రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో పనిలేకుండా హోదా ఇవ్వమని 2007లోనే సిఫారసు చేసింది. చరిత్ర తెలిసి కూడా చట్టం కళ్లు మూసుకుంటే దాన్ని అమాయకత్వం అనలేం.

ఇక అమీర్‌పేట వైపు చూద్దాం. నాలుగు శతాబ్దాల కింద మచిలీపట్నంలో దిగిన ఐరోపా యువకుడికీ, ఇవాళ డల్లాస్‌లో దిగుతున్న తెలుగు యువకుడికీ పోలిక ఉంది. ఇద్దరూ కొత్త నేల మీద తమవారి కోసం వెతుక్కుంటారు. గదిలో తోడు, ఉద్యోగానికి సిఫారసు, పెళ్లికి సంబంధం ఆ ‘తమవారి’ ద్వారానే వస్తాయి. ఆ మాటకు హద్దు ఎక్కడన్నదే ప్రశ్న. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో సంస్థపై కులవివక్ష వ్యాజ్యం వేసింది. ఇద్దరు పర్యవేక్షకులపై కేసును 2023లో ఉపసంహరించుకున్నా, ఆ వ్యాజ్యం అమెరికాలో ఈ ప్రశ్నను బయటపెట్టింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ కులవివక్షను నిషేధించిన తొలి అమెరికా నగరమైంది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు అక్టోబరులో తిప్పిపంపారు. ఆ బిల్లును వ్యతిరేకించినవారిలో మన దేశం నుంచి వెళ్లినవారే ముందున్నారు. అక్కడ కులమే లేదన్నది వారి వాదన. లేనిదాన్ని నిషేధిస్తే నష్టమేమిటో మాత్రం వారు చెప్పలేదు.

కనుక వలస దానంతటదే విముక్తి కాదు. కులం సరుకుల పెట్టెలో వెళ్లదు, సంబంధాల్లో వెళుతుంది. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కులసర్వే జరిగింది. వచ్చే జనగణనలో కులాన్ని లెక్కించాలని 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఈ లెక్క బ్రిటిషువాడి కుట్రకు కొనసాగింపన్న వాదన ఇప్పుడు మరింత గట్టిగా వినబడుతుంది. 1931 తర్వాత పూర్తి కులలెక్కలు ప్రకటించకుండా గడిపిన తొంభై ఏళ్లలో కులం తగ్గిందా అని వారిని అడగాలి. తూకం వేయనంత మాత్రాన బరువు తగ్గదు. మెథ్‌వోల్డ్ నాడు చూసి రాసింది అన్యాయాన్ని మార్చడానికి కాదు, సరుకు ఎవరి దగ్గర దొరుకుతుందో తెలుసుకోవడానికి. మనం లెక్కించవలసింది భూమి ఎవరికి ఉంది, కొలువు ఎవరికి దక్కింది, ఏ వీధికి నీళ్లు రాలేదు అన్నది తేల్చడానికి. లెక్క ఒకటే కావచ్చు, అడిగేవాడు మారినప్పుడు దాని అర్థం మారుతుంది.

కిర్క్‌పాట్రిక్ రెసిడెన్సీ ఉన్న కోఠీ ప్రాంగణంలో ఇవాళ మహిళా విశ్వవిద్యాలయం నడుస్తోంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పొలం, తన పంట తనవేనని నిలబడ్డ రజక స్త్రీ ఆమె. ఎవరి రక్తం స్వచ్ఛమో విచారణలు జరిగిన చోట ఇప్పుడు ఆ పేరుతో పట్టాలు ఇస్తారు. పేరు మారడం చిన్న విషయం కాదు, అదే సరిపోదు కూడా. ఆ పట్టా పుచ్చుకుని అమీర్‌పేట మీదుగా విమానాశ్రయానికి వెళ్లే విద్యార్థులు ఒక్క ప్రశ్నను వెంట తీసుకువెళ్లాలి. కొత్త నేల మీద నేను ఎవరి కోసం తలుపు తీస్తున్నాను, ఎవరి ముఖం మీద వేస్తున్నాను? ఐరోపావారు ఆ ప్రశ్న వేసుకోలేదు. మన పూర్వులూ వేసుకోలేదు. వేసుకోనందుకు మూల్యం మాత్రం తలుపు బయట నిలబడ్డవారే చెల్లిస్తూ వచ్చారు.